నెలసరికి లెక్కాపత్రం లేదు, కోపం ఆగట్లేదు, డాక్టరేమో గర్భసంచి తీసేద్దాం అంటున్నారు

కౌంటర్ నంబర్ 3:

అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు, పొడుగైతే ఏమనుకోకండి. నాకు 45. ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం. పెద్దది ఇంటర్ సెకండియర్, చిన్నోడు ఎనిమిదో క్లాసు. ఏడాది పైనుంచి నెలసరికి లెక్కాపత్రం లేదు. ఒకసారి మూడు వారాలకే వచ్చేస్తుంది, ఇంకోసారి రెండు నెలలైనా జాడ ఉండదు, వచ్చిందంటే మాత్రం మొదటి రోజులు గడ్డలు గడ్డలుగా పడుతుంది. ఆ రోజుల్లో ముదురు రంగు చీర తప్ప కట్టను, స్కూటీ సీటు మీద పాత టవల్ మడిచి వేసుకుంటాను, కుర్చీలోంచి లేచే ముందు పక్క కౌంటర్ అమ్మాయిని వెనక ఒకసారి చూడమంటాను.

దీనికి తోడు ఈ సెగలు. ఏసీ కిందే కూర్చుని ఉంటానా, ఛాతీ దగ్గర మొదలై మెడ మీదుగా చెవుల దాకా వేడి ఎక్కుతుంది, నోట్లు లెక్కపెడుతుంటే వేళ్లు చెమటకి అంటుకుపోతాయి, ఎదురుగా నిలబడ్డ పెద్దాయన "ఒంట్లో బాగోలేదామ్మా" అంటాడు. కాసేపటికి అంతా పోయి చలి. రాత్రి మూడింటికి ఠంచనుగా మెలకువ, గుండె దడ, ఇక తెల్లారేదాకా పైకప్పు చూస్తూ పడుకోవడమే. అన్నిటికంటే భయం వేస్తున్నది నా కోపం చూసి. మొన్న టిఫిన్ బాక్సు మూత కనపడలేదని మా అమ్మాయి మీద అరిచిన అరుపుకి పక్కింటావిడ బయటికి వచ్చి చూసింది. అది చిన్న విషయమని అరుస్తున్నప్పుడే తెలుస్తోంది, అయినా నోరు ఆగదు.

ఊళ్లో ఒక లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఐదు నిమిషాలు కూడా వినలేదు. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా ఆ సంచితో పనేముంది, తీసేస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్నారు, డేటు కూడా చూసుకోమన్నారు. స్కానింగ్ మాట కూడా ఎత్తలేదు. మా అత్తమ్మ "మాకూ వచ్చాయి ముట్లుడిగే రోజులు, ఎవరికైనా చెప్పుకున్నామా" అంటుంది. మా ఆయన మంచివారే కానీ ఏదడిగినా "నీ ఇష్టం" అంటారు. నిజంగా సంచి తీయించుకుంటే ఇవన్నీ పోతాయా? లేక ఓర్చుకుంటూ కూర్చోవాలా? రెండిటికీ మధ్య ఇంకేం లేదా?

గోదారిగట్టు:

ముందు ఆ డేటు క్యాన్సిల్ చెయ్యి తల్లీ, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

నాకు 52, ఇదంతా దాటొచ్చినదాన్ని. నువ్వు చెప్పిన ఆ టవల్ సంగతి చదివి నవ్వొచ్చింది, మా కొవ్వూరు బస్సులో నేను న్యూస్ పేపర్ వేసుకుని కూర్చునేదాన్ని. మా డాక్టరమ్మ మొదట స్కానింగ్ రాసింది, లోపల పొర మందంగా ఉందని, ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని కణితి, ఒకటి చిన్నది ఉందని వచ్చింది, పొర మందంగా ఉంది కాబట్టి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఏమీ లేదని తేలాక లోపల హార్మోన్ లూప్ పెట్టింది, మిరీనా అంటారు, మామూలు కాపర్-టీ కాదు. మొదటి కొన్ని నెలలు చుక్కలు చుక్కలుగా కనపడి విసిగించింది కానీ తర్వాత బ్లీడింగ్ దాదాపు పోయింది. ఆపరేషన్ లేదు, ఆసుపత్రిలో పడుకోవడం లేదు, నలభై రోజులు బరువెత్తకూడదన్న పథ్యం లేదు.

ఇంకో మాట, నీ హిమోగ్లోబిన్ ఎంత? అంత రక్తం పోతుంటే ఆయాసం, దడ, చిరాకు సగం దానివల్లే వస్తాయి. నాది ఎనిమిదికి పడిపోయింది, మెట్లెక్కితే ఆగి ఊపిరి పీల్చుకునేదాన్ని, లావెక్కాను అందుకే అనుకునేవాళ్లందరూ, నాతో సహా.

డ్యూటీ సిస్టర్:

విజయవాడలో గైనిక్ వార్డులో స్టాఫ్ నర్సుని. డాక్టర్ని కాదు, కాబట్టి మందుల డోసులు అడక్కండి. కానీ రోజూ చూసేదే కనక నాలుగు మాటలు చెప్తాను.

మేడమ్, మీరు చెప్పింది విన్నంతవరకు పెరిమెనోపాజ్ లాగే ఉంది. పన్నెండు నెలలు వరసగా నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అంటాం, దానికి ముందు కొన్నేళ్లపాటు నడిచేదే ఇది, కొందరికి ఏడాదిలో తేలిపోతుంది, చాలామందికి నాలుగైదేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువే. మన దేశంలో ఆడవాళ్లకి నెలసరి ఆగే సగటు వయసు 46, 47 దగ్గర ఉంటుంది, పాశ్చాత్య దేశాల్లో 51. కాబట్టి 42, 43కే మొదలవడం మనకి వింతేం కాదు. ఈ కాలంలో హార్మోన్లు మెల్లగా దిగిపోతాయనుకుంటారు, అది తప్పు, పల్లెటూళ్లో కరెంటు ఓల్టేజీలా ఈ వారం ఎక్కువ, వచ్చే వారం తక్కువ. ఏ నెల అండం విడుదల కాదో ఆ నెల పొరని అదుపులో ఉంచే ప్రొజెస్టిరాన్ హార్మోన్ తయారవదు, ఈస్ట్రోజెన్ ఒక్కటే గర్భసంచి లోపలి పొరని పెంచుకుంటూ పోతుంది, అది రాలేటప్పుడు మీరు చెప్పిన గడ్డలు. ఈస్ట్రోజెన్ ఇలా ఊగిసలాడినప్పుడు మెదడులో ఒంటి వేడిని చూసుకునే భాగం కొంచెం వేడికే కంగారుపడి చెమట పట్టించేస్తుంది, అదే మీ సెగ. నిద్ర, మూడ్ నడిపించే భాగాల మీదా దీని ప్రభావం ఉంటుంది. మీ కోపం మీ గుణం మారిపోయి రాలేదు.

ఇక అసలు ప్రశ్న. గర్భసంచి తీస్తే నెలసరి ఆగుతుంది, అంతే. సెగలు, నిద్ర, చిరాకు ఆగవు, ఎందుకంటే ఈ హార్మోన్లు వచ్చేది అండాశయాల నుంచి, సంచి నుంచి కాదు. అండాశయాలు కూడా తీసేశారనుకోండి, కొన్నేళ్లలో మెల్లగా జరగాల్సింది రాత్రికి రాత్రే జరుగుతుంది, సెగలు ఇంకా విపరీతంగా ఉంటాయి, ఎముకలు తొందరగా గుల్లబారతాయి. ఆపరేషన్ అక్కర్లేదని నేననను, పెద్ద ఫైబ్రాయిడ్లు, మందులకి లొంగని బ్లీడింగ్, క్యాన్సర్ అనుమానం ఉంటే చేయాల్సిందే. స్కానింగ్ కూడా లేకుండా డేటు ఇవ్వడం మాత్రం నాకు నచ్చలేదు.

చేయించుకోవాల్సినవి: రక్తం శాతం, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగరు, బి12, విటమిన్ డి, కడుపు స్కానింగ్, దడ ఉందన్నారు కాబట్టి ఒక ఈసీజీ. థైరాయిడ్ తేడా చేస్తే అచ్చం ఇవే లక్షణాలు కనపడతాయి, అది చూడకుండా అంతా వయసు మీదకి నెట్టేస్తే ఎలా. ఎఫ్ఎస్హెచ్ అని ఒక హార్మోన్ పరీక్ష రాస్తారు, 45 దాటి ఈ లక్షణాలున్నవాళ్లకి దానితో పెద్ద పని లేదు, ఇవాళ ఒక అంకె వస్తే వచ్చే నెల ఇంకో అంకె వస్తుంది. గంటకో ప్యాడ్ తడిసిపోతూ రెండు గంటలకి పైన సాగినా, నెలసరికీ నెలసరికీ మధ్య బ్లీడింగ్ కనపడినా, ఏడాదిపాటు ఆగిపోయాక మళ్లీ ఒక్క చుక్క కనపడినా వెంటనే వెళ్లాలి. ఈ చివరిది బాగా గుర్తుపెట్టుకోండి, "మళ్లీ పడుచుదనం వచ్చిందా" అని నవ్వుకుని ఇంట్లో కూర్చునేవాళ్లని చూశాను.

ఎర్రమట్టి:

సిస్టర్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, నేనే సాక్ష్యం. మాది సిద్దిపేట దిక్కు. నాకు ముప్ఫై ఎనిమిదికే తీసేశారు, సంచితోపాటు రెండు అండాశయాలు కూడా, అవి కూడా తీశారని నాకు డిశ్చార్జి కాగితం మీద చదివితే తెలిసింది. తెల్లబట్ట అవుతోంది, నడుము నొప్పి ఉంది అని పోతే "ఉంచితే క్యాన్సర్ అయితది" అని భయపెట్టారు. ఆపరేషన్ అయిన నెలలోపే ఒళ్లంతా మంటలు, నిద్ర లేదు, మనిషి మనిషిలాగ లేను. మూడేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్ చెప్పారు, ఆ వయసులో అండాశయాలు తీస్తే మామూలుగా ముట్లు ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ మందు వాడాలని. అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

మా వాడకట్టులో నా వయసువాళ్లు ఎందరికి సంచి ఉందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది మా ఊరి ముచ్చట ఒక్కటే కాదు, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర అయితే తెలంగాణలో 8 శాతానికి దగ్గర, ఆంధ్రలో 9 శాతానికి దగ్గర. మన రెండు రాష్ట్రాల ఆడవాళ్లకే రోగాలెక్కువనా? అక్కా, ఇంకో డాక్టర్‌కి చూపించు. చేయక తప్పదని ఇద్దరూ చెప్తే అప్పుడు చేయించుకో, అండాశయాలు ఉంచుతారా తీస్తారా అన్నది సంతకం పెట్టే ముందే అడుగు.

పెసరట్టు ఉప్మా:

ఇన్ని మందులెందుకండీ, మా పిన్ని అశోకారిష్టం తాగింది, సబ్జా నీళ్లు, మెంతులు, ఒంటి వేడి తగ్గింది. సోయా కూడా మంచిదట. మనవాళ్లు ఊరికే ఇంగ్లీషు మందుల వెంట పడతారు.

గోదారిగట్టు:

సబ్జా నీళ్లు నేనూ తాగుతాను ఎండాకాలం, హాయిగా ఉంటుంది. కానీ ఇది వేడి చేయడం కాదమ్మా, మజ్జిగ తాగితే పోవడానికి. ఆవిడకి గడ్డలు పడుతున్నాయి, స్కానింగ్ కాకుండా నెలల తరబడి సీసాలు తాగుతూ కూర్చోమని మాత్రం చెప్పకు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరుకి చెప్పి ఏది తాగినా ఆవిడ ఇష్టం.

ఎడిసన్ అత్తమ్మ:

న్యూజెర్సీ నుంచి. నేను హార్మోన్ ప్యాచ్ వాడుతున్నాను, వారానికి రెండుసార్లు పొట్ట కింద స్టిక్కర్‌లా మార్చుకోవడం, రాత్రి ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్. గర్భసంచి ఉన్నవాళ్లకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వరు, లోపలి పొర పెరిగి క్యాన్సర్‌కి దారి తీస్తుందని రెండూ కలిపి ఇస్తారు. మొదలుపెట్టిన నెలలోనే సెగలు బాగా తగ్గాయి, రాత్రి క్యాప్సూల్‌కి నిద్ర కూడా పడుతుంది.

హార్మోన్లంటే అందరికీ క్యాన్సర్ గుర్తొస్తుంది, మా అక్క గుంటూరు నుంచి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. ఆ భయమంతా 2002లో వచ్చింది, ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అని ఇక్కడ జరిగిన పెద్ద పరిశోధనలో రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం కొంచెం పెరిగాయని ఒక భాగం మధ్యలోనే ఆపేశారు. కానీ అందులో చేరినవాళ్ల సగటు వయసు 63, ఎప్పుడో ముట్లుడిగినవాళ్లు. ఇప్పుడు డాక్టర్లు చెప్పేది ఏంటంటే 60 లోపు, లేదా నెలసరి ఆగి పదేళ్లు దాటకముందు మొదలుపెడితే, వేరే ఇబ్బందులు లేనివాళ్లలో చాలామందికి నష్టం కంటే లాభమే ఎక్కువని. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు, ఎందుకో తెలియని బ్లీడింగ్ ఉన్నవాళ్లు వాడకూడదు. ఈ ఆఖరి ముక్క వల్లే మీకు ముందు స్కానింగ్. హార్మోన్లు వద్దనుకుంటే సెగలకి తక్కువ డోసులో డిప్రెషన్ మాత్రలు కూడా ఇస్తారు, నా ఫ్రెండ్ అవే వాడుతుంది, పేరు చూసి కంగారుపడొద్దు.

ఎవరూ అడగట్లేదు కాబట్టి నేనే రాస్తున్నాను. కింద పొడిబారిపోవడం, మంట, భర్తతో కలిసినప్పుడు నొప్పి, అస్తమానం యూరిన్ ఇన్ఫెక్షన్, ఇవి కూడా దీనిలో భాగమే. వీటికి కిందే రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంటుంది, డాక్టర్ రాస్తారు, ఒంట్లోకి వెళ్లేది బహు తక్కువ. సిగ్గుపడి ఏళ్లు గడిపేసేవాళ్లు మనలో ఎందరో. ఇంకోటి, రెండు నెలలు రాలేదు కదా ఇక భయం లేదనుకోకండి, పూర్తిగా ఆగేదాకా గర్భం వచ్చే అవకాశం ఉంది, ఈ హార్మోన్ ప్యాచ్ గర్భనిరోధకం కాదు.

ఆయనగారు:

మగవాణ్ని, ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. మా ఆవిడకి 47. గత చలికాలం మా ఇంట్లో ఫ్యాన్ ఐదు మీద తిరిగేది, నేను రెండు రగ్గులు కప్పుకుని వణికేవాణ్ని, దాని మీద రోజూ గొడవ. తర్వాత మా ఆవిడ డాక్టర్ దగ్గరికి వెళ్తే నేనూ లోపలికి వెళ్లి కూర్చున్నాను, అక్కడ విన్నది నాకు పదిహేనేళ్ల చదువులో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆవిడ వైపు ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టాం, పైది ఆపేశాం. పొద్దున్న పిల్లల బాక్సులు నేను కడతాను, కారణం మూడింటికి లేచిన మనిషికి ఆరింటికి కాస్త నిద్ర పడుతోంది.

మీవారు "నీ ఇష్టం" అంటున్నారంటే పట్టదని కాకపోవచ్చు, ఏం చెయ్యాలో తెలియక కూడా అయ్యుండొచ్చు. పని అప్పజెప్పండి. "నాకు బాగోలేదు" అంటే మాకు బుర్ర పనిచేయదు, "శనివారం పదకొండింటికి స్కానింగ్, మీరు బండి తీయాలి" అంటే పనిచేస్తుంది.

గోదారిగట్టు:

బాబూ, బాక్సుల్లో ఏం కడుతున్నారో కూడా చెప్పండి, రోజూ మ్యాగీ అయితే మార్కులు తగ్గిస్తాం.

ఆయనగారు:

పెరుగన్నం, పులిహోర, ఎగ్ ఫ్రైడ్ రైస్. తిప్పి తిప్పి అవే.

కౌంటర్ నంబర్ 3:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, రాత్రి మూడింటికి కూర్చుని అన్నీ చదివాను, ఎలాగూ మెలకువే. ఆపరేషన్ వద్దని ఫోన్ చేసి చెప్పేశాను. హైదరాబాద్‌లో చూపిద్దామని మా ఆయనతో అంటే మళ్లీ "నీ ఇష్టం" అన్నారు, అప్పుడు ఆయనగారి సలహా ప్రకారం "సరే, ఆదివారం ఇంటర్‌సిటీకి టికెట్లు చేయండి" అన్నాను, పది నిమిషాల్లో చేసేశారు! రక్తపరీక్ష ఇక్కడే చేయించాను, హిమోగ్లోబిన్ 8.9, థైరాయిడ్ బాగానే ఉంది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాను కానీ కడుపులో వికారం, మలబద్ధకం. మా అమ్మాయితో ఎలా మాట్లాడాలన్నదే తేలట్లేదు, మూతి ముడుచుకుని గదిలోంచి రావట్లేదు.

డ్యూటీ సిస్టర్:

8.9 అంటే బాగా తక్కువండీ, 12 ఉండాలి. ఆ దడలో దీని వాటా తప్పకుండా ఉంటుంది. మాత్ర టీతో, కాఫీతో, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకండి, మధ్యలో రెండు గంటలైనా తేడా ఉండాలి, నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. పరగడుపున వికారం వస్తే ఏదైనా కాస్త తిన్నాక వేసుకోండి. కొందరికి రోజు విడిచి రోజు రాస్తారు, ఇబ్బంది తక్కువ, మీ డాక్టర్ని అడగండి. అసలు పడకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. రక్తం శాతం 12కి వచ్చినా ఆపేయకూడదు, నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు వాడమంటారు. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు, మాత్ర వల్లే.

తిండి గురించి ఎవరూ రాయలేదు. గుడ్డు, పప్పు, చేప, పెరుగు, ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి, మన కంచంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. ఈ వయసులో కండ కరిగి పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది, ఎముకలు పలచబడతాయి, నడక మంచిదే కానీ సరిపోదు, వారంలో రెండు రోజులైనా బరువులెత్తే వ్యాయామం చెయ్యాలి. రక్తం పెరిగాక మొదలుపెట్టండి, ఇప్పుడే వద్దు.

ఎర్రమట్టి:

అమ్మాయి సంగతి నేను చెప్తా అక్కా. నా బిడ్డకి పదహారు. ఒకరోజు ఇద్దరం పక్కపక్కన కూర్చున్నప్పుడు సూటిగా చెప్పేశాను, నీకు ముట్టు రాకముందు ఎట్ల చిరాకొస్తదో నాకు ఇప్పుడు ఏ రోజు వస్తదో తెలియకుండా అట్ల వస్తుంది, నిన్ను తిట్టింది తప్పే, కానీ నీ మీద ప్రేమ లేక కాదు అని. అది ఫోన్‌లోంచి తలెత్తి "అయితే నాకు ముందే చెప్పు, నేను ఆ రోజు దూరం ఉంట" అన్నది. ఇప్పుడు నాకు సెగ మొదలైతే "బిడ్డా, వస్తుంది" అంటా, అది గమ్మున పోయి నీళ్ల సీసా తెచ్చి ఇస్తుంది, కొన్నిసార్లు నవ్వుతుంది కూడా. ఇంటర్ పరీక్షలున్న పిల్ల అంటున్నావు, దానికీ టెన్షనే కదా.

ఎడిసన్ అత్తమ్మ:

కోపం సంగతి సరే, ఏ పని మీదా మనసు లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బతకడం ఎందుకనిపించడం లాంటివి ఉంటే అవి హార్మోన్లే కదా అని వదిలేయకండి. ఈ వయసులో డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువ, ముందు కాన్పు తర్వాత కుంగిపోయినవాళ్లకి ఇంకా ఎక్కువ. అక్కడ ఇండియాలో టెలి మానస్ అని ప్రభుత్వం నంబరుంది, 14416, డబ్బు కట్టక్కర్లేదు, ఏ టైములోనైనా, తెలుగులో మాట్లాడొచ్చు. మా అక్క చేత చేయించాను.

కౌంటర్ నంబర్ 3:

అంత దూరం రాలేదండీ, కానీ నంబరు ఫోన్‌లో పెట్టుకున్నాను. సిస్టర్ గారూ, పొద్దున్నే కాఫీ లేకపోతే నాకు తలనొప్పి, మరి ఐరన్ మాత్ర ఏ టైముకి వేసుకోను?

డ్యూటీ సిస్టర్:

కాఫీ తాగండి, ఎవరొద్దన్నారు. మాత్ర సాయంత్రం బ్యాంకు నుంచి రాగానే నిమ్మరసంతో వేసుకోండి, ఆ వేళకి టీ అలవాటు ఉంటే అదొక్కటి వెనక్కి జరపండి. హైదరాబాద్ వెళ్లేటప్పుడు పాత చీటీలు, గత ఆరు నెలల నెలసరి తేదీలు, రోజుకి ఎన్ని ప్యాడ్లు మార్చారో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి, గుర్తున్నంతవరకు చాలు.